షట్టర్ మాట వినండి



పాత డిజిటల్ కెమెరాలకి మళ్ళీ గిరాకీ వచ్చింది. ఇరవై ఏళ్ళ కిందట మార్కెట్లోకి వచ్చిన నికాన్ డి70, డి200, కెనాన్ 5డి లాంటి వాటిని ఇప్పటి కుర్రాళ్ళు వెతికి మరీ కొంటున్నారు. డి200లో ఉన్న సీసీడీ సెన్సార్ ఇచ్చే రంగులు కొత్త కెమెరాల్లో రావని కొందరి వాదన. అందులో నిజం కొంత, మోజు కొంత. ఆ తగాదాలోకి ఇవాళ వెళ్ళను. అలాంటి కెమెరా కొనేటప్పుడు ప్రతివాళ్ళూ అడిగే ప్రశ్న ఒకటుంది, షట్టర్ ఇప్పటిదాకా ఎన్ని క్లిక్కులు కొట్టిందని. దాని సంగతి చూద్దాం.

"అన్నా, షట్టర్ కౌంట్ ఎంత?"

"ఎంతో లేదు తమ్ముడూ. ఇంట్లో ఫంక్షన్లకి తప్ప బయటికి తీసిందే లేదు."

ఇంట్లో ఫంక్షన్లకే వాడితే భుజం బెల్టు అంతలా ఎందుకు నలిగిపోయిందని అడగాలనిపిస్తుంది. బేరం చెడుతుందని అడగం.

మన దగ్గర సెకండ్‌హ్యాండ్‌కి వచ్చే పెద్ద కెమెరా బాడీలు చాలామటుకు పెళ్ళి ఫొటోగ్రాఫర్ల చేతుల్లో తిరిగినవే. అందులో తప్పేం లేదు, కెమెరా ఉన్నది పని చేయడానికే. కాకపోతే ఆ పని ఎంతో ఒక్కసారి లెక్క వేసుకోండి. స్నాతకం నుంచి అప్పగింతల దాకా ఒక పెళ్ళికి రెండు వేల క్లిక్కులు అనుకుందాం. తలంబ్రాల దగ్గర వేలు బటన్ మీంచి లేవదు. బియ్యం గాల్లో ఉండగానే పట్టుకోవాలి, పెళ్ళికూతురి నవ్వు ఆ బియ్యం వెనకాల కనపడాలి. అక్కడే కొన్ని వందలు అయిపోతాయి. ఏడాదికి ముప్ఫై పెళ్ళిళ్ళు ఒప్పుకుంటే అరవై వేలు. మూడేళ్ళు తిరిగేసరికి 1,80,000. మరి నికాన్ కంపెనీ డి200 షట్టర్‌ని పరీక్షించి చెప్పింది లక్ష సార్లకి. కెనాన్ 5డికి చెప్పిందీ లక్షే. 2007లో వచ్చిన నికాన్ డి300కి లక్షన్నర, అదే ఏడాది వచ్చిన డి3కి మూడు లక్షలు.

ఈ లక్షల్ని మందు సీసా మీద గడువు తేదీలా చూడకండి. లక్షా ఒకటో క్లిక్కుకి ఏ షట్టరూ విరిగిపోదు. చెప్పిన అంకెకి రెట్టింపు నడిచేవీ ఉంటాయి, సగం కూడా రాకుండా చేతులెత్తేసేవీ ఉంటాయి. అది ఎంత పని చేసిందో అంకె చెబుతుంది. ఇవాళ ఎలా ఉందో చెప్పాల్సింది మాత్రం షట్టరే. చెప్పించే పద్ధతి తెలిస్తే చాలు.

లోపల జరిగేది ఇదీ. సెన్సార్‌కి ముందు సన్నటి రేకులతో చేసిన తెరలు రెండు ఉంటాయి. బటన్ నొక్కగానే వాటి ముందున్న అద్దం పైకి లేస్తుంది. మొదటి తెర తప్పుకుని సెన్సార్ మీద వెలుగు పడనిస్తుంది. అనుకున్న సమయం కాగానే రెండో తెర దాని వెనకే వచ్చి మూసేస్తుంది. ఒక్కో తెర ఈ అంచు నుంచి ఆ అంచుకి పోవడానికి సెకనులో 300వ వంతు అటూ ఇటూగా పడుతుంది. మరి సెకనులో 4000వ వంతు, 8000వ వంతు స్పీడు ఎక్కణ్ణించి వస్తుంది? మొదటి తెర ఇంకా దారిలో ఉండగానే రెండోది బయల్దేరుతుంది. రెండింటికీ నడుమ ఒక సందు మిగులుతుంది, ఆ సందే సెన్సార్ మీదుగా జారుకుంటూ పోతుంది. 8000వ వంతు దగ్గర ఆ సందు మిల్లీమీటరు వెడల్పు కూడా ఉండదు.

కిటుకంతా ఇక్కడే ఉంది. స్ప్రింగు అలసిపోయో, కందెన జిగటగా మారో మొదటి తెర సెకనులో పదివేలో వంతు ఆలస్యంగా కదిలిందనుకోండి. 125వ వంతు స్పీడులో తీసిన ఫొటోలో ఆ తేడాని ఎవరూ పట్టలేరు. 8000వ వంతులో అయితే మొత్తం ఎక్స్‌పోజర్ ఎంతో ఆలస్యమూ దాదాపు అంతే. సందు ఒక పక్క మూసుకుపోతుంది, ఫొటోలో ఆ మేరకి నల్లపట్టీ పడుతుంది. దుకాణంలో కౌంటర్ మీది కాలిక్యులేటర్‌ని, ఎదురుగా నిలబడ్డ కుర్రాణ్ణి రెండు ఫొటోలు తీసి, బాగానే వచ్చాయని డబ్బు చేతిలో పెట్టేవాళ్ళు షట్టర్‌ని అసలు పరీక్షించనే లేదు.

కాబట్టి కెమెరా తీసుకుని బయటికి రండి. బయటికే రావాలి. ట్యూబులైటు కిందా, కొన్ని ఎల్‌ఈడీ దీపాల కిందా హైస్పీడులో తీస్తే ఫొటోలో చారలు వస్తాయి. మన కరెంటుతో వెలిగే ట్యూబులైటు సెకనుకి వందసార్లు మినుకుమంటుంది, కంటికి తెలియదు గానీ షట్టర్‌కి తెలుస్తుంది. ఆ చారలు చూసి మంచి కెమెరాని వదిలేసుకున్నవాళ్ళు ఉన్నారు. ఇంకో తమాషా ఏమిటంటే, నిజంగా చెడిపోయిన షట్టర్‌ని అమ్మేవాళ్ళకి కూడా ఆ ట్యూబులైటే సాక్షి. "అది లైటు వల్ల వచ్చింది సార్" అంటారు. ఎండలో ఆ మాట చెల్లదు.

సూర్యుడికి వీపు పెట్టి, మబ్బుల్లేని ఆకాశం వైపు కెమెరా ఎత్తండి. ఫోకస్ మాన్యువల్‌లో పెట్టండి. ఖాళీ ఆకాశం మీద ఆటోఫోకస్ తడుముకుని క్లిక్ కాకుండా మొరాయిస్తుంది. అదో జబ్బనుకుని మీరు కంగారు పడతారు. మోడ్ కూడా మాన్యువల్. అపెర్చర్ ఎఫ్8, ఐఎస్‌ఓ 100, స్పీడు 250వ వంతు. ఒక ఫొటో. తర్వాత అపెర్చర్ ముట్టుకోకుండా ఐఎస్‌ఓని 1600కి పెంచండి, స్పీడుని 4000వ వంతుకి పెంచండి. స్పీడులో పోయిన నాలుగు స్టాపుల వెలుగూ ఐఎస్‌ఓలో తిరిగి వచ్చేసింది గనక రెండు ఫొటోలూ ఒకే వెలుగుతో రావాలి. రెండోదాంట్లో కాస్త గరుకుతనం ఉంటుంది, పాత సెన్సార్లకి అది మామూలే.

అపెర్చర్ ఎందుకు ముట్టుకోవద్దన్నానంటే, లెన్సులన్నీ మూలల్లో కొంచెం చీకటి పెడతాయి, అపెర్చర్ మారిస్తే ఆ చీకటీ మారుతుంది. ఇప్పుడు రెండు ఫొటోల్లోనూ మూలలు ఒకేలా ఉండాలి. పై అంచో కింది అంచో రెండో ఫొటోలో మాత్రమే నల్లబడితే లెన్సు మీదికి నెట్టడానికి ఇక వీల్లేదు. ఆ తప్పు షట్టర్‌దే.

ఈ రెండో రకం ఫొటో ఒకటి తీసి ఊరుకోకండి. వరసగా ఓ పది తీయండి. అలసిన షట్టర్ ప్రతిసారీ తప్పు చేయదు, ఏడో క్లిక్కుకో ఎనిమిదో క్లిక్కుకో తడబడుతుంది. కుదిరితే ఆ రోజు ఆ కెమెరాతో కొట్టే మొదటి క్లిక్కు మీదే అయ్యేలా చూసుకోండి. నెలల తరబడి కదలని షట్టర్‌లో కందెన బిగుసుకుని ఉంటే అది మొదటి ఒకటి రెండు క్లిక్కుల్లోనే బయటపడుతుంది. నాలుగు క్లిక్కులయ్యాక రేకులు సర్దుకుంటాయి. తెలివైన అమ్మకందారు మీరు వచ్చేలోపే ఆ నాలుగూ కొట్టి పెట్టుకుంటాడు. అందుకే ఎనిమిది వేల క్లిక్కులే అయ్యాయని చెప్పి, పన్నెండేళ్ళు బీరువాలో మగ్గిన కెమెరా తెస్తే నేను మొహమాటం లేకుండా అనుమానిస్తాను. సముద్రపు గాలి తగిలే విశాఖ, కాకినాడల్లో అయితే మరీను. వారానికోసారి పనికి వెళ్ళొచ్చిన ఎనభై వేల క్లిక్కుల బాడీ దానికంటే హాయిగా ఆడుతుండవచ్చు.

తీసిన ఫొటోల్ని కెమెరా వెనక తెర మీద చూసి తీర్పు చెప్పకండి. డి70 తెర 1.8 అంగుళాలు, అందులో నల్లపట్టీ ఉన్నా నీడేమో అనుకుంటాం. ఒక కార్డు రీడర్ జేబులో వేసుకెళ్ళండి. పాత కెమెరాల్లో చాలావాటికి కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు కావాలి, దాని రీడర్ ఇప్పుడు ప్రతి షాపులోనూ ఉండదు.

ఆకాశం ఫొటోలో పట్టీల బదులు చిన్న చిన్న నల్లచుక్కలు కనిపిస్తే అది సెన్సార్ మీది దుమ్ము, తుడిస్తే పోతుంది. తుడిచాక కూడా పదే పదే వచ్చే చుక్కల కథ వేరు. 2012లో నికాన్ డి600 వచ్చినప్పుడు సెన్సార్ మీద చుక్కలు పడుతున్నాయని గోల మొదలైంది. చివరికి 2014లో, వారంటీ దాటిపోయిన డి600లకి కూడా ఉచితంగా చూసి షట్టర్ భాగాలు మార్చి ఇస్తామని నికాన్ ప్రకటించింది. ఇవాళ సెకండ్‌హ్యాండ్‌లో డి600 చూస్తే మొట్టమొదట అడగాల్సింది, "షట్టర్ మార్పించారా? సర్వీసు కాగితం ఉందా?" అని. అలా మార్చిన కెమెరాలో కౌంట్ మళ్ళీ సున్నా నుంచి మొదలై ఉండొచ్చు, పాత లెక్కే కొనసాగుతూ ఉండొచ్చు. కాగితం లేకుండా ఆ అంకెకి విలువ లేదు.

అంకె మాట వచ్చింది గనక అది ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పుకుందాం. చాలా నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లు తాము ఎన్నో క్లిక్కులో ఉన్నాయో ప్రతి ఫొటో ఫైలులోనూ రాసి పెడతాయి. ఎక్సిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రాములో ఆ ఫైలు తెరిస్తే షట్టర్ కౌంట్ అని కనపడుతుంది. అయితే ఆ ఫొటో కెమెరాలోంచి నేరుగా రావాలి. వాట్సాప్‌లో మామూలుగా ఫొటోలా పంపితే ఈ వివరాలన్నీ రాలిపోతాయి, డాక్యుమెంట్‌గా పంపమనండి. ఇంకా మంచిది, మీరు ఎదురుగా ఉండి తీసిన ఫొటోనే చూడటం. ఎప్పుడో కెమెరా కొత్తలో తీసిన ఫైలు పంపి, ఇదే లెక్క అనేవాళ్ళు లేకపోలేదు. చాలా మోడళ్ళలో కెమెరా సీరియల్ నంబర్ కూడా ఆ ఫైలులో ఉంటుంది. బాడీ అడుగున ఉన్న నంబర్‌తో పోల్చి చూసుకోండి.

కెనాన్‌తో ఇంత సులువు కాదు. 2007 నాటి 40డి నుంచి చాలావరకు మోడళ్ళని యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కి కలిపి, తగిన సాఫ్ట్‌వేర్‌తో లెక్క చదవొచ్చు. అంతకు ముందు వచ్చిన 300డి, 20డి, మొదటి 5డి ఆ గుట్టు మనకి విప్పవు. ఫైలు పేరులో ఉన్న అంకె చూసి మోసపోకండి. అది 9999 దాకా పోయి మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతుంది. 2314 అని ఉంటే అది రెండు వేలో, పన్నెండు వేలో, డెబ్భై రెండు వేలో ఎవరికీ తెలియదు. పైగా సెట్టింగు మారిస్తే ఆ నంబర్ ఎప్పుడైనా మొదటికి వస్తుంది. డి200 మెనూలో బ్యాటరీ ఇన్ఫో అని ఒక పేజీ ఉంది, దాంట్లోనూ క్లిక్కుల అంకె ఒకటి కనపడుతుంది. అది ఆ బ్యాటరీని చివరిసారి ఛార్జి చేసినప్పటి నుంచి కొట్టిన క్లిక్కుల లెక్క. మూడొందల చిల్లర చూపించి "చూశారా, కొత్త కెమెరా" అంటే నవ్వి ఊరుకోండి.

అంకె దొరకని చోట కెమెరా ఒళ్ళు చూడాలి. నా కన్ను ముందుగా పోయేది పైన ఫ్లాష్ తగిలించే హాట్‌షూ దగ్గరికి. దాని పట్టాల మీద నల్లరంగు పూర్తిగా లేచిపోయి లోహం మెరుస్తుంటే, కొన్ని వందలసార్లు ఫ్లాష్ ఎక్కించి దించినట్టు. ఇంట్లో పుట్టినరోజులు తీసే మనిషికి అన్నిసార్లు ఫ్లాష్ తగిలించే పని ఉండదు. బొటనవేలు ఆనేచోట రబ్బరు ఉబ్బి జారుతోందా, షట్టర్ బటన్ చుట్టూ ప్లాస్టిక్ గాజులా నున్నబడిందా, అడుగున ట్రైపాడ్ బిగించే చోట వలయంలా గీతలున్నాయా? ఇవన్నీ కలిపి చెప్పే కథకీ, అమ్మేవాడు చెప్పే అంకెకీ పొత్తు కుదరాలి.

ఇక చెవి పని. రేడియోలో మాట్లాడుతున్నాను గనక ఈ పరీక్ష మీకు ఇక్కడే వినిపించగలను. నా ముందు ఒక డి200 ఉంది. మైకు దగ్గరికి తెచ్చి మూడుసార్లు నొక్కుతున్నాను, వినండి.

(కెమెరా క్లిక్ శబ్దం, మూడుసార్లు)

మీకు ఒక్క చప్పుడులా వినపడింది గానీ, దాంట్లో అద్దం లేవడం, తెరలు పరుగెత్తడం, అద్దం దిగడం అన్నీ ఉన్నాయి. గట్టిదా మెత్తనిదా అన్నది మోడల్‌ని బట్టి మారుతుంది, దాన్ని పట్టించుకోకండి. మూడూ ఒక్కలాగే ఉన్నాయా లేదా, అదే చూడాలి. ఇప్పుడు స్పీడు తగ్గించి, ఒక సెకనులో పెట్టి నొక్కుతాను.

(తెరుచుకునే చప్పుడు, సెకను విరామం, మూసుకునే చప్పుడు)

తెరుచుకున్నదీ మూసుకున్నదీ విడివిడిగా వినపడ్డాయి కదా. మూసుకునేటప్పుడు ఈడ్చినట్టు వచ్చినా, సన్నగా కీచుమన్నా, రెండు సెకన్లకి గానీ మూసుకోకపోయినా అనుమానించాలి. తర్వాత వరస క్లిక్కులు. డి200 సెకనుకి ఐదు కొడుతుంది, డి70, 5డి మూడేసి. ఆ దరువు మధ్యలో కుంటకూడదు. కుంటితే వెంటనే షట్టర్‌ని తిట్టకండి, ముందు బ్యాటరీ మార్చి చూడండి. పాత బ్యాటరీ పెట్టే బాధలన్నీ అచ్చం షట్టర్ జబ్బుల్లాగే ఉంటాయి. ఇందాక చెప్పిన డి200 బ్యాటరీ ఇన్ఫో పేజీలోనే బ్యాటరీ వయసు సున్నా నుంచి నాలుగు దాకా చూపిస్తుంది. నాలుగు చూపిస్తే దాని పని అయిపోయిందని అర్థం.

ఒక మినహాయింపు ఉంది, తెలియకపోతే పప్పులో కాలేస్తారు. నికాన్ డి70, డి50, డి40 మోడళ్ళలో హైస్పీడు పని రేకులది కాదు. ఎంతసేపు వెలుగు తీసుకోవాలో సీసీడీ సెన్సారే ఎలక్ట్రానిక్‌గా చూసుకుంటుంది, రేకులు తీరిగ్గా తెరుచుకుని మూసుకుంటాయి. వీటికి ఫ్లాష్ 500వ వంతు దాకా కలవడానికీ కారణం అదే. కాబట్టి మన ఆకాశం పరీక్షలో ఇవి సులువుగా నెగ్గేస్తాయి, దాన్ని బట్టి రేకులు బాగున్నాయని చెప్పలేం. వీటికి చెవి పరీక్ష, తక్కువ స్పీడుల పరీక్షే గట్టివి. ఇంకో మాట, వీటితో సూర్యుణ్ణి ఫ్రేములో పెట్టి హైస్పీడులో తీస్తే నిలువుగా తెల్లటి చార పడవచ్చు. అది ఆ రకం సెన్సార్ స్వభావం, చెడిపోయినట్టు కాదు.

రేకుల్ని కళ్ళతో చూడాలనిపిస్తే దానికీ దారి ఉంది. డి200లో మిర్రర్-అప్, 5డిలో మిర్రర్ లాకప్ పెట్టి లెన్సు తీసి ఒకసారి నొక్కితే అద్దం లేచి ఆగుతుంది, వెనక మూసి ఉన్న రేకులు కనపడతాయి. దాదాపు అరనిమిషంలో అద్దం దానంతట అదే దిగుతుంది, ఆలోపు సెల్‌ఫోన్ లైటు వేసి చూసుకోవాలి. రేకులు అన్నీ ఒకే మట్టంలో, పొడిగా, మెరుపు లేకుండా ఉండాలి. ఒకటి వంగినా, నూనె తడి మెరిసినా, వేలిముద్ర పడినా చాలు, కెమెరా తిరిగి ఇచ్చేయండి. వేలు పెట్టి ముట్టుకోకండి, నోటితో ఊదకండి. మొదటి 5డి అయితే అద్దాన్ని కూడా పరీక్షగా చూడాలి. కాలం గడిచేకొద్దీ జిగురు వదిలి అద్దం ఊడిపోయిన సందర్భాలు వచ్చి, కెనాన్ కొన్నేళ్ళపాటు ఉచితంగా బాగుచేసి ఇచ్చింది. ఆ మరమ్మతు జరిగిందో లేదో అడగండి.

జేబులో పట్టే చిన్న కెమెరాల సంగతి రెండు ముక్కల్లో. వాటి షట్టర్ చాలావరకు లెన్సులోనే ఉంటుంది, క్లిక్కుల లెక్క సాధారణంగా బయటపెట్టవు. ఎండలో ఒక ఫొటో తీయండి. బొమ్మంతా తెల్లగా వెలిసిపోయి గీతలు గీతలుగా వస్తే షట్టర్ తెరుచుకుని ఇరుక్కుపోయినట్టు. బొమ్మ ఊదారంగులోకి తిరిగి వంకర్లు పోతే అనుమానం సెన్సార్ మీద. 2002 నుంచి 2004 దాకా తయారైన చాలా కంపెనీల చిన్న కెమెరాల్లో సోనీ సీసీడీలు అలా చెడిపోయి, 2005లో ఆ కంపెనీలు ఉచిత మరమ్మతులు ప్రకటించాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ మరమ్మతు ఎవరూ చేయరు.

ఫొటోగ్రాఫర్ మిత్రులకి ఒక మనవి. పాత బాడీ అమ్మేటప్పుడు క్లిక్కులు తగ్గించి చెప్పక్కర్లేదు. ఆకాశం ఫొటోలు పది తీసి, నికాన్ అయితే కౌంట్ చూపించి, ఇదీ సంగతి అంటే లక్ష దాటిన కెమెరాకి కూడా ధర పలుకుతుంది. కొనేవాళ్ళకి చెప్పేదొకటే. ఈ పాత మోడళ్ళకి కొత్త విడిభాగాలు దొరకడం కష్టం. దొరికినా షట్టర్ మార్పించే ఖర్చు చాలాసార్లు కెమెరా ధరనే మించిపోతుంది. అందుకని, నల్లపట్టీ ఒక్కసారి కనపడిన బాడీని సగం ధరకి ఇస్తానన్నా తీసుకోకండి.